ఒక టీపాట్‌లో ఒకే రకం టీ: నిజంగా అవసరమా?

జేగురు

అందరికీ నమస్కారం. చైనాలోని యీషింగ్‌లో పూత లేని ఎర్రమట్టితో చేసిన చిన్న టీపాట్ ఒకటి నా దగ్గర ఉంది. 120 మిల్లీలీటర్లు పడుతుంది. మొదటి నుంచీ అందులో వూయీ కొండల ఊలాంగ్ (గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్యరకం) మాత్రమే పెడుతున్నాను. బొగ్గుల సెగ మీద బాగా వేపిన ఆకు అది. ఇప్పుడు ఖాళీ పాత్రలో ఉత్త వేడినీళ్లు పోసి మూత తీసినా ఆ వాసన ముక్కుకు తగులుతుంది. పైన నునుపు కూడా తేలింది. అది గుడ్డపెట్టి తోమితే వచ్చినది కాదు, చేతులు తగిలి తగిలి వచ్చినది. ఇంట్లో ఉన్న వస్తువులన్నింటిలో నాకు ఇదంటేనే ప్రాణం.

ఈ మధ్య మంచి డార్జిలింగ్ రెండో కోత ఆకు చేతికి వచ్చింది. దాన్ని ఇందులోనే పెట్టి చూడాలని మనసు లాగుతోంది. మట్టి టీపాట్‌కు ఒకే రకం టీ కేటాయించాలని అందరూ చెబుతారు. అందులో రుచికి సంబంధించిన నిజం ఎంత, అలవాటుగా చెప్పుకొంటూ వస్తున్నది ఎంత? అనుభవం ఉన్నవారు చెప్పండి. అలాగే మీలో ఎవరు ఏ టీని దేనిలో పెడతారో, ఏ పాత్రను అపురూపంగా చూసుకుంటారో కూడా రాయండి. చదవాలని ఉంది.

మూడోకప్పు

జేగురు గారూ, ఆ పాత్రలో డార్జిలింగ్ పెట్టకండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

యీషింగ్ టీపాట్‌ను సంప్రదాయ పద్ధతిలో సారె మీద తిప్పి చేయరు. మట్టిని చెక్క సుత్తితో కొట్టి పలకలుగా సాగదీస్తారు. ఒక పలకను గుండ్రంగా చుట్టి అతికిస్తారు. లోపల వేళ్లు ఆనించి, బయటి నుంచి చెక్కబద్దతో తడుతూ, తిప్పుతూ పొట్టను ఒంపు తిప్పుతారు. కొమ్ము, పిడి, మూత విడిగా చేసి అతుకుతారు. తర్వాత దాదాపు 1,100 నుంచి 1,200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అంత వేడికి మట్టి బాగా గట్టిపడుతుంది కానీ పింగాణీలాగా పూర్తిగా గాజై మూసుకుపోదు. పైగా లోపలా బయటా పూత ఉండదు. కాబట్టి టీలోని రంగు, పరిమళపు నూనెలు ఆ సన్నని రంధ్రాల్లో చేరతాయి. మీకు ఖాళీ పాత్రలో వస్తున్న వాసన అదే.

ఆ వాసన వేపిన ఊలాంగ్‌కు బలం. డార్జిలింగ్‌కు మాత్రం అడ్డం. పొగ, బొగ్గు, బెల్లం మాడినట్టుండే ఆ గుణాల మధ్య డార్జిలింగ్ పూల వాసన నిలబడలేదు. మీ ఆకు వృథా అవుతుంది, పాత్రకూ మేలు జరగదు.

నా దగ్గర రెండే ఉన్నాయి. ఒకటి ఊదారంగు జిషా మట్టిది. గోడలు మందం, పొట్ట గుండ్రం. అందులో పండించిన పూఅర్, అంటే మగ్గబెట్టిన చైనా టీ మాత్రమే పెడతాను. రెండోది జూని అనే ఎర్రమట్టిది, గోడలు పల్చన. జూని మట్టి కాల్చేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది, పగుళ్లు వస్తాయి, అందుకే దాంతో పెద్ద పాత్రలు చేయడం కష్టం. తట్టితే ఖంగుమంటుంది. అది పూలవాసన ఉన్న ఊలాంగ్‌కు. ఈ రెండింటినీ ఎప్పుడూ తారుమారు చేయను.

కొలమానం

మూడోకప్పు గారు చెప్పినదాంట్లో ఒక భాగంతో ఏకీభవిస్తాను. పూత లేని పాత్రలో పాత టీ వాసన ఉండిపోతుంది, అందులో సందేహం లేదు. దానివల్ల కొత్త టీ రుచి చెడవచ్చు. కానీ ‘మట్టి రుచిని పెంచుతుంది’ అనేది వేరే వాదన. దానికి వేరే రుజువు కావాలి.

ఎందుకంటే మట్టి టీపాట్‌ను, పింగాణీ పాత్రను పక్కపక్కన పెట్టి పోల్చేవారు ఒకేసారి నాలుగైదు విషయాలు మార్చేస్తారు. పరిమాణం మారుతుంది. గోడ మందం మారుతుంది. మూత ఎంత బిగుతుగా కూర్చుంటుందన్నది మారుతుంది. కొమ్ము సన్నగా ఉంటే వంచడానికి పట్టే సమయం పెరుగుతుంది, ఆ సెకన్లలో ఆకు ఇంకా నానుతూనే ఉంటుంది. 120 మిల్లీలీటర్ల పాత్రలో ఏడు గ్రాముల ఆకు వేసి పది సెకన్లు నానబెట్టే పద్ధతిలో, వంచడానికి పది సెకన్లు పట్టే కొమ్ము ఉంటే సమయం రెట్టింపైనట్టే. ఇవన్నీ వదిలేసి మొత్తం ఘనతను మట్టి ఖాతాలో వేయడం నాకు నచ్చదు.

వృత్తిగా టీ రుచి చూసేవారు ఏం వాడతారో గమనించండి. ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం 1980లో వచ్చింది. 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు, మరుగుతున్న నీళ్లు, 6 నిమిషాలు, పాత్ర తెల్ల పింగాణీది లేదా పూత ఉన్న మట్టిది. ఆ టీ తాగడానికి బాగుంటుందని ఎవరూ అనరు, మహా వగరుగా ఉంటుంది. ఆకులోని మంచీ చెడూ దాచకుండా బయటపెట్టడం దాని పని. అందుకే పూత ఉన్న పాత్ర.

జేగురు గారూ, మీకు వీలైతే ఒక పని చేయండి. అదే ఊలాంగ్‌ను మీ ఎర్రపాత్రలోనూ, అంతే పట్టే గైవాన్‌లోనూ (మూత ఉన్న పింగాణీ గిన్నె) ఒకేసారి పెట్టండి. ఆకు తూచండి. రెండింటినీ ముందే వేడినీళ్లతో బాగా కాచండి. ఏ కప్పు దేనిదో తెలియకుండా వేరొకరితో కప్పులు మార్పించి తాగి చూడండి.

తొలిచిగురు

డార్జిలింగ్ మాట వచ్చింది కాబట్టి నేను ఆగలేను.

రెండో కోత అంటే సుమారుగా మే, జూన్ నెలల ఆకు. ఆ సమయంలో పచ్చదోమలు, తామర పురుగులు లేతచిగుళ్లను కుట్టి రసం పీలుస్తాయి. దెబ్బ తగిలిన చిగురు తనను కాపాడుకోవడానికి కొన్ని పరిమళ పదార్థాలను తయారు చేసుకుంటుంది. పండిన మస్కట్ ద్రాక్షను గుర్తుచేసే ఆ వాసనకు మూలం అదే. తైవాన్‌లో ‘ప్రాచ్య సుందరి’ అని పిలిచే ఊలాంగ్‌కు తేనె వాసన రావడానికీ పచ్చదోమ కాటే కారణం. పురుగు మందు కొట్టిన తోటలో ఆ పరిమళం ఉండదు. ఒక పురుగు కాటు ఇంత గొప్ప రుచిగా మారడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

ఇంత సున్నితమైనదాన్ని వేపిన ఊలాంగ్ పీల్చుకున్న మట్టిలో పోయడమా! జేగురు గారూ, పల్చటి తెల్ల పింగాణీ తీసుకోండి. మూడు గ్రాముల ఆకుకు 200 మిల్లీలీటర్ల నీళ్లు, మూడు నిమిషాలు. మరుగు తగ్గిన నీళ్లు, అంటే 90, 95 డిగ్రీల మధ్యవి. పాత్రలో నీరు మిగలకుండా పూర్తిగా వంచేయండి. మొదటి కోత అయితే ఇంకా జాగ్రత్త. ఆ ఆకును కోసిన తర్వాత బాగా వాడ్చేస్తారు, నీరు చాలావరకు పోతుంది. అందువల్ల తర్వాత పులియబెట్టే దశలో మార్పు సగంలోనే నిలిచిపోతుంది. పేరుకు బ్లాక్ టీ అయినా ఆకులో పచ్చదనం కనిపించేది అందుకే. దానికి 85 డిగ్రీలు చాలు.

నేను అపురూపంగా చూసుకునేది పొట్టి, లావు పింగాణీ టీపాట్. బయట ఏ బొమ్మా లేదు. లోపల తెల్లగా ఉంటుంది కాబట్టి టీ రంగు ఎలా దిగుతోందో మూత తీసి చూడవచ్చు. గోధుమరంగు, తర్వాత రాగిరంగు, అంచున మాత్రం బంగారు వలయం. ఆ వలయం కోసమే నాకు తెల్లపాత్ర అంటే ఇష్టం.

నీలిగిన్నె

గ్రీన్ టీ వైపు నుంచి ఒక మాట. నేను వాడేది జపాన్‌లోని తొకొనామెలో చేసిన క్యూసు అనే టీపాట్. పిడి కొమ్ముకు ఎదురుగా కాకుండా పక్కన, లంబంగా ఉంటుంది. బొటనవేలు మూత మీద పెట్టి మణికట్టు తిప్పితే చాలు, చివరి చుక్క వరకు కారుతుంది. సెంచా అనే జపాన్ గ్రీన్ టీకి ఆ చివరి చుక్కలే ముఖ్యం. పాత్రలో కాస్త నీరు మిగిలినా ఆకు అందులో నానుతూ ఉండిపోయి రెండో విడత చేదెక్కుతుంది.

ఇదీ పూత లేని మట్టే. ఇనుము ఎక్కువగా ఉన్న ఎర్రమట్టి. అదే మట్టిని గాలి అందకుండా కాలిస్తే నల్లగా వస్తుంది. నా పాత్రలో సెంచా, నీడలో పెంచిన గ్యోకురో రెండూ పెడతాను. వేర్వేరు పాత్రలు పెట్టుకోలేదు. రెండూ ఆవిరి పట్టిన పచ్చి ఆకులే కాబట్టి ఒకదాని వాసన మరొకదానికి అడ్డు రాలేదు. అంటే మూడోకప్పు గారి నియమాన్ని నేను ‘ఒక పాత్రకు ఒక కుటుంబం’ అని సడలిస్తాను.

నీళ్ల వేడి సంగతి చాలామంది పట్టించుకోరు. సెంచాకు 70 నుంచి 80 డిగ్రీలు. గ్యోకురోకు 50, 60 డిగ్రీలే. గ్యోకురో తోటకు కోతకు ముందు సుమారు 20 రోజులు నీడ కప్పుతారు. ఎండ తగిలితే ఆకులో నిండు రుచినిచ్చే థియానిన్ వగరునిచ్చే కాటెకిన్లుగా మారుతుంది. నీడలో ఆ మార్పు తగ్గి, మాంసపు పులుసులో ఉండేలాంటి నిండుదనం ఆకులో మిగులుతుంది. మరిగే నీళ్లు పోస్తే ఉన్న వగరంతా ఒక్కసారిగా దిగి ఆ నిండుదనాన్ని మింగేస్తుంది.

పొద్దుటి ఆవిరి

కొత్త సభ్యుడిని. మీ అందరి మాటలు చదువుతుంటే చాలా సంతోషంగా ఉంది. నేను రోజూ తాగేది అస్సాం సీటీసీ, పాలతో. నా ప్రశ్న చిన్నదే. నా టీపాట్ వంచినప్పుడల్లా టీ కొమ్ము కింది నుంచి జారి పొట్ట మీదుగా బల్ల మీదికి కారుతుంది. చూడటానికి ముచ్చటైన పాత్ర. దీనికి ఏమైనా చేయవచ్చా? అలాగే సీటీసీకి మంచి పాత్ర ఏదో చెప్పగలరా?

కొలమానం

ఆవిరి గారూ, స్వాగతం. మీ ప్రశ్న చిన్నది కాదు, దీని మీద భౌతికశాస్త్ర పత్రాలే ఉన్నాయి. 1956లో మార్కస్ రైనర్ అనే శాస్త్రవేత్త దీనికి ‘టీపాట్ ఎఫెక్ట్’ అని పేరు పెట్టాడు. ధార నెమ్మదిగా ఉన్నప్పుడు ద్రవం కొమ్ము పెదవిని వదిలిపెట్టలేక దాని కింది భాగాన్ని అంటుకుని వెనక్కి పారుతుంది. పెదవి మందంగా, గుండ్రంగా ఉంటే ఇంకా ఎక్కువ. పెదవి పదునుగా, కొన కాస్త కిందికి వంగి ఉంటే ధార తెగిపోతుంది.

చేయగలిగినవి రెండు. ఒకటి, పాత్రను నిండా నింపకుండా మూడొంతులే నింపి, జంకకుండా ఒక్క ఊపులో వంచండి. ధార వేగం పెరిగితే అంటుకోదు. ఆపేటప్పుడూ అంతే, టక్కున పైకెత్తాలి. రెండు, కొమ్ము కొన కింది భాగంలో చాలా పల్చగా వెన్నలాంటి జిడ్డు రాయండి. నీటికి అంటుకునే గుణం తగ్గుతుంది. ఇది పూత ఉన్న పాత్రలకే, మట్టి పాత్రకు వద్దు.

మూడోకప్పు

దీనికి నేనొకటి చేరుస్తాను. టీపాట్ ఎంచుకునేటప్పుడే నీళ్లు పోసి వంచి చూడండి. మూత మీద ఉండే సన్నని గాలిరంధ్రాన్ని వేలితో మూయండి. మూత సరిగ్గా కూర్చున్న పాత్ర అయితే ధార ఆగిపోతుంది. వేలు తీయగానే మళ్లీ మొదలవుతుంది. లోపలికి గాలి వెళ్లడానికి ఆ రంధ్రం తప్ప వేరే దారి లేదని అర్థం. ఇంకోటి, కొమ్ము కొన, పాత్ర నోరు, పిడి పైభాగం ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నాయా చూడండి. కొమ్ము తక్కువ ఎత్తులో ఉంటే పాత్ర నిండకముందే టీ బయటికి వస్తుంది. పిడి పట్టుకుని నింపిన పాత్రను ఎత్తినప్పుడు మణికట్టు మెలి తిరగకూడదు. అందం వీటి తర్వాతే.

పాతసామాను

ఆవిరి గారికి సీటీసీ సంగతి నేను చెబుతాను. ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, గుండ్రటి పలుకులుగా చేసే ఆ పద్ధతి 1930లలో అస్సాంలోనే మొదలైంది. పలుకులు చిన్నవి కాబట్టి రంగు, బలం రెండు మూడు నిమిషాల్లో దిగిపోతాయి. పాలను తట్టుకుంటుంది. దానికి పల్చటి పాత్ర అక్కర్లేదు, పొట్ట గుండ్రంగా, గోడ మందంగా ఉండి వేడిని పట్టి ఉంచేది కావాలి. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ ఎర్రమట్టితో చేసి, ముదురు గోధుమరంగు పూత వేసిన ‘బ్రౌన్ బెట్టీ’ని ఇందుకు మించినది నేను చూడలేదు. నగిషీ లేదు, బంగారు గీత లేదు. టీ మరక కూడా కనిపించదు. కొమ్ము మొదట్లో మట్టిలోనే రంధ్రాలు పొడిచి ఉంటాయి. సీటీసీ పలుకులకు మాత్రం అవి చాలవు, కప్పు మీద జల్లెడ పెట్టుకోండి.

నాకు ఈ పాత్ర మీద ఇంత ప్రేమ ఎందుకంటే దాని వంశవృక్షం. చైనా నుంచి టీతోపాటు యీషింగ్ ఎర్రపాత్రలూ ఐరోపాకు చేరాయి. వాటిని చూసి 17వ శతాబ్దం చివర ఎలర్స్ సోదరులు స్టాఫర్డ్‌షైర్‌లో పూత లేని ఎర్రపాత్రలు చేశారు. జర్మనీలో బోట్గర్ కూడా తెల్ల పింగాణీ రహస్యం పూర్తిగా పట్టుకోకముందు ఎర్రమట్టి పాత్రలే చేశాడు. 1710లో మైసెన్ కర్మాగారం మొదలైంది. అంటే జేగురు గారి చేతిలో ఉన్న చిన్న పాత్రకూ, వంటింట్లో మొరటుగా కనిపించే బ్రౌన్ బెట్టీకీ చుట్టరికం ఉంది.

అసలు టీపాట్‌కు ఇంత ప్రాధాన్యం రావడం వెనుక ఒక రాజాజ్ఞ ఉంది. అంతకుముందు కప్పం కింద చెల్లించే టీని దిమ్మలుగా నొక్కి పంపేవారు, పొడి చేసి గిన్నెలో చిలికి తాగేవారు. 1391లో మింగ్ వంశపు హోంగ్‌వు చక్రవర్తి ఆ దిమ్మలు ఆపి విడి ఆకు పంపమన్నాడు. విడి ఆకు వాడకం పెరిగాక దాన్ని నానబెట్టి వంచుకునే పాత్రకు గిరాకీ వచ్చింది. 16వ శతాబ్దం నాటికి యీషింగ్ పాత్రలకు పేరొచ్చేసింది.

ఒక హెచ్చరిక కూడా. పెద్దల కాలం నాటి పూత పాత్రలను అందరూ ఇష్టపడతారు, నేనూ అంతే. కానీ పాత పూతల్లో సీసం ఉండవచ్చు. పూత పగిలినా, లోపలి గోడ పొడిబారి గరుకుగా మారినా, లోపల ముదురు రంగులు అద్ది ఉన్నా, పరీక్ష చేయించకుండా అందులో టీ తాగకండి. నిమ్మరసం లాంటి పులుపు అసలు పోయకండి, సీసం ఇంకా తేలిగ్గా కరుగుతుంది. అలాంటి వాటిని నేను అద్దాల బీరువాలో ఉంచి చూసుకుంటాను.

అతుకు

బీరువాలో దాచడం గురించి నాది వేరే మాట పాతసామాను గారూ. సీసం భయం ఉన్నవి దాచండి, మంచిదే. మిగతావి వాడండి. వాడితే విరుగుతాయని భయపడకండి, విరిగినవి బాగు చేయవచ్చు.

నేను విరిగిన టీపాట్‌లు అతుకుతాను. జపాన్ పద్ధతిలో లక్కచెట్టు పాలతో. ఆ పాలను గోధుమపిండితో కలిపితే బంకవుతుంది, సన్నని మట్టిపొడి కలిపితే పెచ్చు ఊడిన చోటు పూడ్చే ముద్దవుతుంది. ఇది తడిగాలిలోనే గట్టిపడుతుంది, పొడిగాలిలో ఎన్నాళ్లున్నా ఆరదు. అందుకే తడిగుడ్డ పెట్టిన మూత పెట్టెలో ఉంచుతారు. ఒక్కో పొర తర్వాత ఆగాలి, సానబట్టాలి, మళ్లీ వేయాలి. చివర్లో ఎర్రలక్క గీత మీద బంగారు పొడి చల్లుతారు. మొత్తం నెలలు పడుతుంది. పచ్చి లక్క చర్మానికి తగిలితే దద్దుర్లు లేస్తాయి, తొడుగులు లేకుండా ముట్టుకోకండి. పూర్తిగా గట్టిపడ్డాక మాత్రం వేడి టీకి తట్టుకుంటుంది.

సులువుగా ఉంటుందని రసాయన జిగురు, బంగారు రంగు ఉన్న పెట్టెలు అమ్ముతారు. అవి అలంకారానికి సరే. మరిగే నీళ్లు తగిలే చోట వాడకండి.

ఒక పాత్ర గురించి చెప్పాలి. నేను బాగు చేసినవాటిలో నాకు అన్నింటికంటే ఇష్టమైనది మూత బొడిపె విరిగిన నల్లటి క్యూసు. బొడిపె ముక్క దొరకలేదు. ఆ చోట లక్కముద్దతో శనగగింజంత కొత్త బొడిపె కట్టి, బంగారం వేయకుండా నలుపుగానే ఉంచాను. పాత్ర యజమాని మూత ఎత్తేటప్పుడు వేలికి గరుకు తగలాలని అడిగారు, తడిచేతికి జారకుండా. అందుకని చివరి పొరను సాన పట్టకుండా వదిలేశాను.

నీలిగిన్నె

అతుకు గారూ, బంగారం వేయకపోవడం ఎంత బాగుందో! అందరూ బంగారు గీత కోసమే అతికించుకుంటున్నారు ఈ మధ్య.

జేగురు

అందరికీ కృతజ్ఞతలు. కొలమానం గారు చెప్పిన పోలిక చేశాను. ఎర్రపాత్ర, అంతే పట్టే పల్చటి గైవాన్. రెండింటిలోనూ అదే ఊలాంగ్ ఆరు గ్రాములు, రెండూ ముందే కాచాను, ఇంట్లోవారు కప్పులు మార్చి ఇచ్చారు.

మొదటి విడతలో ఏది ఏదో వెంటనే తెలిసిపోయింది. గైవాన్ కప్పులో పరిమళం ఎక్కువ. కప్పు మూతి దగ్గరికి తేకముందే ముక్కుకు అందింది, నాలుక అంచుల్లో వగరు కూడా స్పష్టంగా ఉంది. ఎర్రపాత్ర కప్పులో వాసన తగ్గింది, రుచి మాత్రం గుండ్రంగా, మెత్తగా ఉంది. మింగిన తర్వాత గొంతులో తీపి ఎక్కువ సేపు నిలిచింది. రెండు, మూడు విడతల్లోనూ ఇదే తేడా. ఐదో విడత దాటాక నేను చెప్పలేకపోయాను.

డార్జిలింగ్ కూడా రెండింటిలో పెట్టాలనుకున్నాను. తొలిచిగురు గారు రాసినది చదివాక ఎర్రపాత్రలో పెట్టడానికి చెయ్యి రాలేదు. తెల్ల పింగాణీలో మీరు చెప్పిన కొలతల్లోనే పెట్టాను. ఆ బంగారు వలయం కనిపించింది!

కొలమానం

చాలా చక్కగా చేశారు. మీ ఫలితాన్ని నమ్ముతున్నాను. ఇంకా ఒక అడుగు వేయమంటాను. ఎర్రపాత్ర వంచడానికి ఎంతసేపు పట్టింది? గైవాన్ మూడు నాలుగు సెకన్లలో ఖాళీ అవుతుంది. రెండోది, పరిమళం తగ్గడానికి మట్టి పీల్చుకోవడమే కారణం కానక్కర్లేదు. గైవాన్‌కు నోరు వెడల్పు, వంచేటప్పుడు ఆవిరి అంతా మీ ముఖానికే వస్తుంది. సన్నని కొమ్ములోంచి వచ్చే టీకి ఆ అవకాశం లేదు. కప్పుల్లో పోశాక మాత్రమే వాసన చూసి పోల్చండి.

వగరు తగ్గడం మీద నాకూ ఆసక్తి ఉంది. అది మట్టి పనో, పాత్రలో వేడి తేడా పనో తేలాలంటే థర్మామీటర్ కావాలి.

మూడోకప్పు

వగరు తగ్గిందని ఆవిడ కప్పులు తెలియకుండానే చెప్పారు కదండీ. అది మట్టి పని అని నేను అన్నదానికి ఇది బలం కాదా?

కొలమానం

తేడా ఉందన్నదానికి బలం. కారణం మట్టి అన్నదానికి ఇంకా కాదు. పూత ఉన్న మట్టిపాత్ర, పూత లేనిది, ఒకే అచ్చు, ఒకే మందం దొరికితే వాదన తేలిపోతుంది. అలాంటి జత ఎవరి దగ్గరైనా ఉందా?

అతుకు

నాకు తెలిసిన కుమ్మరి ఒకరు అలాంటి జత చేయగలరు. ఒకే మట్టి, ఒకే ఆకారం, ఒకదానికి లోపల మాత్రం పారదర్శకమైన పూత. అడిగి చూస్తాను. కాల్చినప్పుడు రెండూ ఒకేలా కుంచించుకుపోవాలి, కాబట్టి నాలుగు చేయించి దగ్గరగా ఉన్న రెండు ఎంచుకోవాలి.

పొద్దుటి ఆవిరి

ఒక్క ఊపులో వంచమన్నారు, పని చేసింది. బల్ల తడవలేదు! మరో సందేహం. నా టీ మీద సన్నని తెట్టులాంటి పొర కడుతుంది, కప్పు అంచున గోధుమరంగు మరక. పాత్ర సరిగ్గా కడగకపోవడం వల్లా?

పాతసామాను

కాదండి, నీళ్ల వల్ల. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో టీలోని పదార్థాలు గాలి తగిలి ఆ పొర కడతాయి. ఒక్క చుక్క నిమ్మరసం వేసి చూడండి, పొర రాదు, రంగు కూడా లేతబడుతుంది. పాలతో తాగుతారు కాబట్టి మీకు నిమ్మ కుదరదు, వడపోసిన మెత్తటి నీళ్లు వాడండి. పాత్ర లోపలి మరకకు వంటసోడా, వేడినీళ్లు పోసి కాసేపు ఉంచితే చాలు. మీది పూత పాత్రే కాబట్టి ఇబ్బంది లేదు.

మూడోకప్పు

మట్టి పాత్రలు ఉన్నవారు సబ్బు దగ్గరికి పోకండి. తాగిన వెంటనే ఆకు తీసి, వేడినీళ్లతో తొలిచి, మూత తీసి పక్కన పెట్టి ఆరనివ్వండి. తడి ఆకుతో మూత పెట్టి వదిలేస్తే బూజు పడుతుంది. ‘పాత్రను పెంచడం’ పేరుతో టీ నిలవ ఉంచమని కొందరు చెబుతారు, వినకండి. జేగురు గారు చెప్పిన నునుపు రోజూ వాడకం వల్లే వస్తుంది.

తొలిచిగురు

మళ్లీ టీల దగ్గరికి వస్తే, తెల్ల టీ గురించి ఎవరూ రాయలేదు. ఫూజియన్‌లోని వెండిసూదులు, అంటే మొగ్గలు మాత్రమే కోసి వాడ్చి ఆరబెట్టినవి. వేపడం, నలపడం ఏవీ ఉండవు. మొగ్గ మీది తెల్లని నూగు కూడా అలాగే ఉంటుంది. దీనికి ఏ పాత్ర వాడుతున్నారు? నేను గాజు పాత్ర వాడుతున్నాను, మొగ్గలు నిలువుగా లేచి నీటిలో నిలబడటం చూడాలని. రుచి కోసం అయితే ఇంకేదైనా మంచిదా?

నీలిగిన్నె

గాజు పల్చన కాబట్టి వేడి తొందరగా పోతుంది. తెల్ల టీ మొగ్గ నలగలేదు కాబట్టి దాని రసం నెమ్మదిగా దిగుతుంది, వేడి నిలవాలి. మూత ఉన్న పింగాణీలో 85, 90 డిగ్రీల నీళ్లతో నాలుగైదు నిమిషాలు ఉంచి చూడండి. చూడటానికి గాజు, తాగడానికి పింగాణీ.

మూడోకప్పు

నిలవ ఉంచిన తెల్ల టీ అయితే నా ఊదారంగు పాత్రలో పెట్టవచ్చేమోనని చాలా రోజులుగా ఆలోచన. నీలిగిన్నె గారి ‘ఒక కుటుంబం’ మాట పట్టుకుంటే పండించిన పూఅర్, పాత తెల్ల టీ ఒక గూటివి అవుతాయా? పూఅర్‌ను కుప్పపోసి తడిపి మగ్గబెట్టే పద్ధతి 1973లో కున్మింగ్‌లో మొదలైంది. తడినేల వాసన, చిక్కటి రంగు దానివల్ల వచ్చినవి. తెల్ల టీ పాతబడటం వేరు, పొడిగా ఏళ్ల తరబడి తనంతట తాను మారుతుంది. నా మనసు ఒప్పుకోవడం లేదు.

జేగురు

ఒప్పుకోకపోతే పెట్టకండి మూడోకప్పు గారూ, ఆ పాత్ర మీద మీకున్న ప్రేమ తెలుస్తూనే ఉంది. నా సంగతి తేలిపోయింది. ఎర్రపాత్ర వూయీ ఊలాంగ్‌కే, డార్జిలింగ్ తెల్ల పింగాణీకే. కొలమానం గారూ, ఈరోజు ఎర్రపాత్ర వంచే సమయం చూశాను: నిండు పాత్రకు పదకొండు సెకన్లు. అతుకు గారి జత వచ్చేలోగా, గైవాన్‌ను కూడా అంతే నెమ్మదిగా వంచి మరోసారి పోలుస్తాను.

కొలమానం

పదకొండు సెకన్లా! అయితే ఎర్రపాత్రలో ఆకు ఎక్కువసేపు నానినా వగరు తక్కువగా వచ్చిందన్నమాట. ఇది నేను ఊహించినదానికి సరిగ్గా వ్యతిరేకం. అతుకు గారూ, ఆ కుమ్మరిని తొందరగా అడగండి. నాలుగు పాత్రలకు అయ్యే ఖర్చులో సగం నాది.